వంటింటి గడపలో చెప్పే లెక్కలు

సాయంత్రం ఐదయ్యేసరికి తిరుపతమ్మ వంటింటి గడప పక్కన పీట వాల్చుకుని కూర్చునేది. ఒళ్లో చేట ఉండేది. చేటలో కందిపప్పో, చింతపండో, ఏదో ఒకటి. ముందుగదిలో పిల్లలు చాపల మీద సర్దుకుంటూ, మోచేతులతో పొడుచుకుంటూ, సార్ దగ్గగానే సద్దుమణుగుతూ ఉంటే, ఆమె పప్పులో రాళ్లు ఏరుకుంటూ తన దగ్గరకు ముందు ఎవరొస్తారా అని చూసేది.

ఇప్పుడూ ఐదవుతోంది. ఇప్పుడూ మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. కాని వంటింటి గుమ్మానికి పరదా దించారు. ఆమె పరదాకు ఇవతల, పొయ్యిగట్టు కింద గోడకు ఆనుకుని కూర్చుంటోంది. చేతుల్లో పనేమీ ఉండటం లేదు. పరదా కింది సందులోంచి చాపల అంచులు, పిల్లల పాదాలు కనిపిస్తాయి. ఏ పాదాలూ ఇటు నడవవు.

ఆ ఇల్లు ఎల్బీ నగర్ చౌరస్తాకు లోపలి గల్లీలో ఉంది. కింద ఇంటివాళ్లు, గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డవాళ్లు. పై పోర్షన్ వీళ్లది. తిరుపతమ్మదీ, ఆమె భర్త సీతారాములుదీ నల్లగొండ పక్క పల్లె. పెళ్లయిన కొత్తలోనే పట్నం వచ్చేశారు. అతను కొత్తపేటలో ఒక ప్రైవేటు బడిలో పంతులుగా చేరాడు. ఆమె ఒక ఇరుకు గదిలోంచి ఇంకో ఇరుకు గదిలోకి మారుతూ, కూతురు స్వప్నను పెంచుతూ, ఎక్కువ మాట్లాడకుండా బతికింది. మాట్లాడటం రాక కాదు. పట్నంలో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక మొదట్లో నోరు కట్టుకుంది, తర్వాత అదే అలవాటైంది. పక్కింటివాళ్లు సీతారాములుతో, "మీ ఆవిడకు కోపమా సార్" అని అడిగేవారు. "లేదు, వింటది" అనేవాడు అతను.

పదేళ్ల కిందట మూతపడ్డ ఆ బడి మళ్లీ తెరుచుకోలేదు. అప్పటినుంచి వాళ్ల ముందుగదే బడి అయింది. పదో తరగతి పిల్లలకు రెండే చెప్పేవాడు సీతారాములు. తెలుగు, లెక్కలు. సైన్సు కూడా చెప్పమని తల్లిదండ్రులు అడిగితే, "కడమయి వాళ్లే చదువుకుంటరు. గీ రెండు మాత్రం నోట్లకెల్లి రావాలె" అనేవాడు.

నోట్లోంచి రావడమంటే అతని ఉద్దేశం వేరు. అతని దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ పిల్ల అయినా సరే, లెక్క మొదలుపెట్టే ముందు పుస్తకం మూసి, లేచి వంటింటి గడప దగ్గరకు వచ్చి, ఆ లెక్కలో ఏం జరుగుతోందో తిరుపతమ్మకు చెప్పాలి. ఎక్స్ అనకూడదు, వై అనకూడదు. అందులో ఉన్నది ఎవరు, వాళ్లకు తెలిసిందేమిటి, తెలియనిదేమిటి, అంతా మామూలు మాటల్లో చెప్పాలి. ఆమె ఊ అంటే వెళ్లి పెన్ను పట్టుకోవచ్చు. సమజ్ కాలేదంటే సార్ దగ్గరకు వెళ్లాలి. పద్యానికీ ఇదే నియమం. గైడులో ఉన్న భావాన్ని వప్పజెప్పిన పిల్లకు ఆమె చేటలోంచి తలెత్తేది కాదు. సొంత మాటల్లో చెప్పిన పిల్ల వైపు చూసేది. "పద్యానికి భావం ఉన్నట్టే లెక్కకు గూడ భావం ఉంటది. ముందుగాల భావం, ఎన్క జవాబు" అని సీతారాములు ఎన్నిసార్లు అన్నాడో.

పిల్లలందరూ ఇంగ్లీషు మీడియం. ప్రశ్న ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో మాట తెలుగులో ఉంటుంది. ఈ రెంటికీ మధ్య ఐదో తరగతితో బడి మానేసిన తిరుపతమ్మ పీట వేసుకుని కూర్చునేది.

ఇదంతా అనుకుని మొదలుపెట్టింది కాదు. మొదటి ఏడాది జ్యోతిక అనే పిల్ల ఒక లెక్క దగ్గర ఏడ్చింది. సీతారాములు చెప్పి చెప్పి అలిసిపోయి చాయ్ కోసం లోపలికి వచ్చాడు. ఆ పిల్ల మంచినీళ్లకని వెనకే వచ్చింది.

"ఏందే బిడ్డా, ఎందుకేడుస్తున్నవు?" అంది తిరుపతమ్మ.

"ఆడోళ్లు, మొగోళ్లు కలిసి గోడ కడుతున్నరమ్మా. కలిసి కడితే ఇన్ని దినాలు. ఆడామె ఒక్కతే కడితే ఎన్ని దినాలని అడిగిండ్రు."

"ఆడామెకు ఇంట్ల పని గూడ ఉంటది గదా. అది పట్టుకున్నరా లేదా లెక్కల?"

ఏడుస్తున్న పిల్లకు నవ్వొచ్చింది. "లేదమ్మా, గోడ పని ఒక్కటే. ఒక్క దినంల ఆమె ఎంత గోడ కడ్తదో ముందు చూడాలె, అంటే..." అని సగంలో ఆగి, కళ్లు తుడుచుకుని, నీళ్లు తాగకుండానే చాప మీదికి పరుగెత్తింది. సీతారాములు చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మర్నాటి నుంచి గడప దగ్గర పీట పడింది.

తిరుపతమ్మ దాన్ని పని అనుకోలేదు. ఎవరూ ఆమెతో అది పని అని అనలేదు కూడా. పిల్లలు పరీక్ష రాసి వచ్చి సార్‌కు మిఠాయి డబ్బా ఇచ్చేవారు. ఆమె దగ్గరకు వచ్చి, "అమ్మా, నీకు చెప్పిన లెక్కనే ఒచ్చింది" అని చెవిలో ఊదినట్టు చెప్పి వెళ్లేవారు. ఆ మాటే ఆమెకు మిఠాయి.

ఒకసారి వయసుల లెక్క వచ్చింది. తండ్రి వయసు ఇప్పుడు ఇంత, కొడుకు వయసు ఇంత, పదేళ్ల తర్వాత తండ్రి వయసు కొడుకు వయసుకు ఎన్ని రెట్లు అని.

"పదేండ్లు ఆయన ఉంటడని ఎవరు చెప్పిండ్రు?" అంది తిరుపతమ్మ.

చెబుతున్న పిల్ల సార్ దగ్గరకు వెళ్లింది. సీతారాములు పెద్దగా నవ్వి, గదిలో అందరికీ వినిపించేలా అన్నాడు. "అమ్మ మంచి మాటనే అడిగింది. రాసుకోండ్రి. లెక్కల ఎవ్వరు సావరు."

దీపావళి వెళ్లిన వారానికి అతను పాత ప్రశ్నపత్రాల కోసం దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాడు. ఫుట్‌పాత్ మీద పుస్తకాలమ్మేవాళ్లంతా అతనికి తెలిసినవాళ్లే. ఒక దుకాణం దగ్గర స్టూలు మీద కూర్చుని నీళ్లడిగాడట. బాటిల్ మూత తీసి ఇచ్చేలోపే పక్కకు ఒరిగాడట. ఆటోలో దవాఖానకు తీసుకుపోయినా లాభం లేకపోయింది. వెళ్లేటప్పుడు తిరుపతమ్మ వంటింట్లో ఉంది. "పోయొస్త" అన్న మాట వినిపించింది గాని తలతిప్పి చూడలేదు. రోజూ పోయేవాడే, రోజూ వచ్చేవాడే.

పెద్దకర్మ నాడు సాయినాథ్ వచ్చాడు. ఒకప్పుడు ఇదే చాప మీద కూర్చుని చదివిన పిల్లవాడు. ఇంజనీరింగ్ చేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతున్నాడు. తిరుపతమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, "పరీక్షలయ్యేదాక పిల్లలకు నేను చెప్త అమ్మా. మధ్యల ఒదిలేస్తే సార్ ఊకోడు" అన్నాడు. ఆ మాటకు ఆమె మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

అప్పట్లో ఆమెకు ఏడుపు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. పప్పు డబ్బా మూత తీస్తే వచ్చేది. మెట్ల మీద ఎవరైనా దగ్గితే వచ్చేది. తుర్కయంజాల్‌లో అత్తగారింటి నుంచి వచ్చి తల్లి దగ్గర కొన్నాళ్లు ఉన్న స్వప్న, తన ఇంటి నుంచే ఒక పరదా తెచ్చి గుమ్మానికి కట్టింది. పిల్లలను పిలిచి నెమ్మదిగా చెప్పింది.

"సూడుండ్రి, మా అమ్మ మనసు మంచిగ లేదు. లెక్కలు, పద్యాలు అనుకుంట ఆ గడప కాడికి పోకుండ్రి. నాయిన యాదికొస్తడు. ఏడాది గడవనియ్యుండ్రి."

పిల్లలు బుద్ధిగా తలలూపారు. సాయినాథ్ కూడా ఊపాడు. వాళ్ల ఊరివాళ్లకు, ఆ గల్లీ వాళ్లకు అది మామూలు మర్యాద. ఇంటాయన పోయిన మనిషిని పని అడగకూడదు, నవ్వించకూడదు, ఎదురుపడి మాట పొడిగించకూడదు. తల్లిని తన ఇంటికి రమ్మని స్వప్న ఎంత బతిమాలినా తిరుపతమ్మ కదల్లేదు.

"పరీక్షలు కానియ్యి" అంది.

"పరీక్షలు నీకా అమ్మా, ఆ పిల్లలకా?" అంది స్వప్న విసుగ్గా. తర్వాత తనే నొచ్చుకుని తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

మొదటి నెల పరదా మంచిదే అనిపించింది. దాని వెనక ముఖం ఎలా ఉన్నా ఎవరికీ తెలిసేది కాదు. రెండో నెలకు ఏడుపు నెమ్మదించింది. పరదా మాత్రం అలాగే ఉంది. పిల్లలు వచ్చేటప్పుడు చెప్పులు చప్పుడు కాకుండా విడిచేవారు. ఆమె నీళ్ల చెంబు అందించడానికి బయటికి వస్తే గదంతా ఒక్కసారి మూగబోయేది. ఎవరో చచ్చిన ఇల్లు ఇది అని ఆ నిశ్శబ్దమే ఆమెకు రోజూ గుర్తుచేసేది. వాళ్లు అరిచి, తన్నుకుని, "అమ్మా, వీడు నాకంటే ముందు ఒస్తున్నడు సూడు" అని ఆమెకు చాడీలు చెబితే బాగుండుననిపించేది.

సాయినాథ్ కష్టపడి చెప్పేవాడు. అందులో వంక పెట్టడానికేమీ లేదు. సెంటర్‌లో పొద్దుటి నుంచి నిలబడి చెప్పి, అలసిన గొంతుతోనే ఇక్కడికి వచ్చేవాడు. "గీ టైపు లెక్కకు గీ ఫార్ములా. కండ్లు మూసుకొని ఏసెయ్యండి" అనేవాడు. తెలుగుకు ఫోన్‌లోంచి ముఖ్యమైన ప్రశ్నలు పంపేవాడు. పిల్లలు ఫార్ములాలు కోరస్‌గా అప్పజెప్పేవారు. పరదా వెనక తిరుపతమ్మకు ఆ కోరస్‌లో ఒక్క మనిషీ కనిపించేవాడు కాదు. గోడ కట్టే ఆడామె లేదు, పడవ నడిపేవాడు లేడు, కొడుకు కంటే మూడింతల వయసున్న తండ్రి లేడు.

సంక్రాంతి సెలవులయ్యాక బడుల్లో ప్రీఫైనల్ పరీక్షలు పెట్టారు. మార్కులు వచ్చిన రోజు సాయినాథ్ పిల్లలను తొందరగా పంపించేసి, పరదా ఇవతలికి వచ్చి కింద కూర్చున్నాడు. తిరుపతమ్మ చాయ్ పెట్టి ఇచ్చింది.

"ఫార్ములాలన్నీ ఒస్తయమ్మా. నిద్రల లేపి అడిగినా చెప్తరు" అన్నాడు గ్లాసు చేతుల మధ్య తిప్పుతూ. "పెద్ద లెక్కలకు మాత్రం అందరు అందరే ఒదిలేసిండ్రు. ప్రశ్న సదువుతరు, ఊరికె కూసుంటరు. గీత అయితే అసలు పెన్నే పెట్టలే. నాకు ఏం సమజ్ అయితలేదు."

తిరుపతమ్మకు సమజ్ అయింది. నాకు చెప్పమను, అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఇంజనీరింగ్ చదివిన మనిషితో ఆ మాట ఎట్లా అనడం. కొంగు సర్దుకుని, వేరేలా అంది.

"సార్ ఉన్నప్పుడు ఇటు ఒస్తుండ్రి గదా, పిల్లలు."

సాయినాథ్ ముఖం మెత్తబడింది. "ఎట్ల మర్చిపోతమమ్మా. నన్నైతే మీరు ఎన్నిసార్లు తిప్పి పంపిండ్రో. పిల్లలకు భయం పోవాలని, మీకు గూడ జర పొద్దు పోవాలని సార్ ఆడిపిచ్చిన ఆట గది. గవన్నీ యాది చేసుకొని పరేషాన్ గాకుండ్రి. నేనున్న గదా."

అతను లేచి, పోతూ పోతూ పరదాను ఆ చివరి నుంచి ఈ చివరికి సరిగ్గా లాగి వెళ్లాడు.

ఆట. ఆ మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగింది. సాయినాథ్ తప్పుగా ఏమీ అనలేదు. ప్రేమతోనే అన్నాడు. కాని అప్పటిదాకా ఆమెకు రాని ఆలోచన అప్పుడు వచ్చింది. నిజంగానే ఆటేనేమో. పట్నంలో నోరు విప్పని పెళ్లానికి పొద్దుపోవాలని సీతారాములు పిల్లలను పంపేవాడేమో. తను సమజ్ కాలేదని తిప్పి పంపిన ప్రతిసారీ, ముందుగదిలో అతనే కూర్చోబెట్టి అసలు సంగతి నేర్పేవాడేమో. తను గడపలో కూర్చుని ఊ అన్నదీ, ఊహూ అన్నదీ ఏ లెక్కలోకీ రాదేమో. మనిషి పోయిన బాధ ఒకటి. ఆ మనిషి తనతో పంచుకున్నాడనుకున్నది కూడా అసలు లేనే లేదేమోనన్న బాధ ఇంకొకటి. మొదటిదానికి ఏడవడం వచ్చు. దీనికి ఎట్లా ఏడవాలో తెలియలేదు. అడుగుదామంటే అడగాల్సిన మనిషి లేడు.

ఆదివారం కూరగాయలకు వెళ్తే మెట్రో స్తంభాల కింద బండి దగ్గర గీత కనిపించింది. ఆటో నడిపే మట్టయ్య కూతురు. సన్నటి పిల్ల, నోరు మాత్రం పెద్దది. తిరుపతమ్మను చూడగానే ఆ నోరు కూడా మూసుకుంది. టమాటల మీద కళ్లు పెట్టుకుని నిలబడింది.

"ఏందే, నన్ను సూస్తె దయ్యాన్ని సూసినట్టు చేస్తున్నవు" అంది తిరుపతమ్మ.

"అట్ల కాదమ్మా. స్వప్నక్క మీతోని మాట్లాడొద్దన్నది. మా నానమ్మ గూడ, గట్ల తిప్పల ఉన్నోళ్లను లెక్కలడిగితే పాపం తగుల్తదే అన్నది."

"మీ నానమ్మకు లెక్కలొస్తయా?"

"పాపాలయితె మంచిగొస్తయి."

ఎన్నాళ్లకో తిరుపతమ్మ పెదవులు కదిలాయి. టమాటలమ్మే మనిషి కూడా నవ్వాడు.

"పరీక్షల పెన్నే పెట్టలేదంట?"

గీత తల వంచుకుంది. "మేడలు, కార్లు ఉండే లెక్కలు అస్సలు ఒస్తలేవమ్మా. ఫార్ములా ఒస్తది. అది ఎక్కడ పెట్టాల్నో తెలుస్తలేదు."

"రేపు జర ముందుగాల రా" అంది తిరుపతమ్మ. అన్నాక తనకే భయమేసింది.

మర్నాడు గీత నాలుగున్నరకే వచ్చింది. సాయినాథ్ ఇంకా రాలేదు, మిగతా పిల్లలూ రాలేదు. పరదా పక్కకు తోసి లోపలికి వచ్చి, గోడ పక్కన తిరుపతమ్మకు ఎదురుగా కూర్చుంది. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. గొంతు సవరించుకుంది.

"ఒకాయన పెద్ద మేడ మీద నిలబడ్డడమ్మా. దూరంగ రోడ్డు మీద ఒక కారు కనవడ్డది. ఆ కారు మేడ దిక్కే ఒస్తున్నది. ముందు సూసినప్పుడు ముప్పై డిగ్రీలు. ఆరు సెకండ్లయినంక సూస్తె అరవై డిగ్రీలు. ఇంక మేడ కాడికి రానీకి ఆ కారుకు ఎంత సేపు పడ్తది?"

"ముప్పై డిగ్రీలంటే ఏంది? కారు వంగిందా?"

"కారు కాదు, సూపు. ఆయన సూపు కిందికి వంగుడు."

"కారు దగ్గరికొస్తున్నదంటివి గదా."

"ఆఁ."

"దగ్గరికొస్తే తక్కువ కావాలె గదనే. ముప్పై ఉన్నది అరవై ఎట్లయింది?"

గీత పుస్తకం వైపు చూసింది గాని తెరవలేదు. మూసిన పుస్తకాన్నే రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"నాకు సమజ్ కాలే" అంది తిరుపతమ్మ.

ఆ మాట విన్న గీత అలవాటు కొద్దీ లేచింది. పరదా పట్టుకుని ముందుగదిలోకి ఒక అడుగు వేసింది. అక్కడ గోడకు బోర్డు, కింద పరవని చాపలు, మూల కుర్చీ. ఆ పిల్ల అక్కడే ఆగిపోయింది. వెనక నుంచి చూస్తున్న తిరుపతమ్మకు ఆ ఆగిపోవడం తెలిసింది. ఎవరి దగ్గరకు వెళ్లడం? ఇదివరకు తను కాలేదంటే చాలు, తర్వాతి సంగతి అతనిది. ఆ తర్వాత ఏం జరిగేదో తను ఒక్కసారీ తొంగి చూడలేదు. సగం పని తనది, సగం పని అతనిది. ఇప్పుడు తన సగం తప్ప ఇంట్లో ఏమీ లేదు. అదీ పనో, ఆటో తెలియదు.

"ఇట్ల తిప్పి పంపితే సార్ నీకు ఏం చెప్తుండె?" అని అడిగింది.

గీత వెనక్కి తిరిగింది. "ఏం చెప్పకపోతుండె."

"లెక్క ఇడమర్చి చెప్తుండె గదా?"

"లేదమ్మా. అమ్మ ఎక్కడ ఆగింది అని అడుగుతుండె. ఇగ్గో, ఇక్కడ ఆగింది అంటే, మరి అక్కడ సూడు అంటుండె. గంతే. ఎంత బతిమిలాడినా ఇంకొక ముక్క చెప్పకపోతుండె. మేం తిట్టుకుంటుంటిమి."

తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని గీత భయపడింది. మెట్ల వైపు ఒకసారి చూసింది, స్వప్నక్క ఎక్కడ వచ్చేస్తుందోనన్నట్టు. కాని తిరుపతమ్మ ఏడవలేదు. చెయ్యి నేలకు ఆనించి లేచింది.

"నేను ఎక్కడ ఆగిన?"

"దగ్గరికొస్తే ఎక్కువెట్లయింది అన్న కాడ."

"మరి అక్కడ సూద్దాం పా."

ఇద్దరూ బయటికి వచ్చి మెట్ల పక్క పిట్టగోడ దగ్గర నిలబడ్డారు. కింద గల్లీ, చివర కిరాణా కొట్టు, దాని అవతల మెయిన్ రోడ్డు హారన్లు. కొట్టు మలుపు తిరిగి ఎవరో ఆడమనిషి సంచీతో వస్తోంది. గీత ఆమెను చూస్తూ చెయ్యి ముందుకు చాపింది. మొదట చెయ్యి దాదాపు ఎదురుగానే ఉంది. ఆమె రెండిళ్లు దాటింది, చెయ్యి కొంచెం వంగింది. ఇంకా దగ్గరికొచ్చింది, ఇంకా వంగింది. సరిగ్గా కింద గేటు దగ్గరికొచ్చేసరికి చెయ్యి నేల వైపుకు నిలువుగా దిగింది.

"అమ్మా," అంది గీత నెమ్మదిగా, "దగ్గరికొచ్చినకొద్దీ మనం వంగాలె. ముప్పై, అరవై మనం వంగుడుకు. దూరానికి కాదు."

తిరుపతమ్మ కళ్లు కొట్టు మలుపు దగ్గరే ఉన్నాయి. ఏళ్ల తరబడి ఈ పిట్టగోడ దగ్గర నిలబడి అతన్ని ఆ మలుపు నుంచి చూసింది. మలుపు దగ్గర ముఖమంతా కనిపించేది. దగ్గరికొస్తున్నకొద్దీ తల వంచాల్సి వచ్చేది. నుదురు, తర్వాత భుజాలు, చివరకు గేటు తీసేటప్పుడు పలచబడ్డ నడినెత్తి. ఆ తర్వాత మెట్ల కింద మాయమయ్యేవాడు. అంత దగ్గరగా ఉన్నప్పుడే కనిపించేవాడు కాదు. అప్పుడామె లోపలికి వెళ్లి చాయ్ పెట్టేది. ఇన్నాళ్లూ మెడ వంచిందే గాని, దాన్ని కొలుస్తారని ఆమెకు తెలియదు.

"సమజైందా అమ్మా?" అంది గీత.

"వంగుడు సమజైంది. ఎంత సేపు పడ్తదో ఇంక చెప్పలేదు నువ్వు."

అప్పుడే కింద నుంచి ఇంటి ఓనరు ఉదయలక్ష్మి గొంతు వినిపించింది. "తిరుపతమ్మ గారూ, కృష్ణా నీళ్లొచ్చేశాయండీ. బిందెలు తెచ్చుకోండి. ఇవాళ ధార సన్నగా ఉంది, ఎంతసేపుంటాయో ఏమో."

తాగే నీళ్లు రోజు విడిచి రోజు కింది నల్లాకే వస్తాయి. పైవాళ్లు దిగి పట్టుకోవాలి. ఇవాళ పట్టకపోతే మళ్లీ ఎల్లుండే.

గీత లోపలికి తొంగి చూసింది. "బిందెలు నేను తీస్కపోనా అమ్మా?"

"ఒద్దు. నువ్వు చెప్పు. అరవై అయినంక?"

గీత పిట్టగోడ మీద వేలితో బొమ్మ గీసింది. మేడ ఇక్కడ, కారు ముందు ఇక్కడ, తర్వాత ఇక్కడ. మధ్యలో తడబడింది, ఆగింది, మళ్లీ మేడ మీద మనిషి దగ్గర నుంచి మొదలుపెట్టింది. ఉదయలక్ష్మి ఇంకోసారి పిలిచింది. "వినపడిందాండీ, నీళ్లు" అని గొంతు పెంచింది. తిరుపతమ్మకు వినపడింది. గీత వేలి వైపు చూస్తూనే ఉంది.

కింద ఉదయలక్ష్మి తన బిందెలు నింపుకుని లోపలికి పోయింది. కట్టేసేవాళ్లు లేని నల్లా సన్నగా మోరీలోకి కారుతోంది. వంటింట్లో తిరుపతమ్మ బిందెలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.